నేరం కుళ్ళదు: దక్షిణాఫ్రికా సామెతలు, నల్లవారి దైవశాస్త్రం



చిన్నప్పుడు ఆకలేసినా అడగడానికి మొహమాటపడి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడితే మా నాయనమ్మ ఒకే మాట అనేది: "అడగందే అమ్మయినా పెట్టదురా." ఈ మాట మీ ఇళ్ళలోనూ విని ఉంటారు. దక్షిణాఫ్రికాలో జులూ భాష మాట్లాడే తల్లులు దాదాపు ఇదే మాటను ఇంకాస్త కటువుగా అంటారు. "ఇంగానే ఎంగాఖాలీ ఇఫేలా ఎంబెలెక్వేని." ఏడవని బిడ్డ తల్లి వీపు మీదే ప్రాణం వదులుతుందని అర్థం. అక్కడి తల్లులు పసిబిడ్డను వీపుకు కట్టుకుని పొలం పనీ ఇంటి పనీ చేసుకుంటారు. పూర్వం మేకతోలుతో కట్టుకునేవారు, ఇప్పుడు దుప్పటితో కట్టుకుంటున్నారు. వీపు మీద ఉన్న బిడ్డ తల్లి కళ్ళకు కనిపించదు. ఏడిస్తేనే ఆమెకు తెలుస్తుంది. మన సామెతలో అడగనివాడికి అన్నం దొరకదు. వాళ్ళ సామెతలో ఏడవని బిడ్డకు ప్రాణమే దక్కదు. అదీ తల్లి ఒంటి వెచ్చదనానికి ఆనుకుని ఉండగానే.

ఇప్పుడు ఈ సామెతను ఒక చర్చిలోకి తీసుకెళ్దాం. నల్లవాళ్ళు పాసు అనే అనుమతి పత్రం చేతిలో లేకుండా ఊరు దాటితే జైలు, తెల్లవాళ్ళ పేటలో పొద్దుగూకాక కనిపిస్తే జైలు, అలాంటి రోజులు. ఆదివారం ఉదయం ప్రసంగీకుడు ఓర్చుకోమంటున్నాడు, కష్టాలకు ప్రతిఫలం పరలోకంలో ఉందంటున్నాడు. చివరి బెంచీలో మనవడిని వీపుకు కట్టుకుని కూర్చున్న ముసలామెకు పుట్టినప్పటి నుంచి ఈ సామెత తెలుసు. ఆమె నోరు మెదపకపోవచ్చు. కానీ ఆమె మనసులో ఆ ప్రసంగానికి జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ జవాబు ఆమెకు ఏ సెమినరీ నేర్పింది కాదు, ఏ పుస్తకంలో చదివింది కాదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ జవాబు గురించి.

ప్రపంచం బ్లాక్ థియాలజీ అని పిలిచే ఆలోచనను మనం నల్లవారి దైవశాస్త్రం అనుకుందాం. నల్లవాడు తన బతుకులో నిలబడి దేవుణ్ణి ప్రశ్న అడగడం దాని మొదలు. మమ్మల్ని బానిసలుగా అమ్మినవాడూ ఈ దేవుడికే మొక్కాడు, మా భూమి లాక్కున్నవాడూ ఈ దేవుడి పేరే చెప్పాడు, మరి ఈ దేవుడు ఎవరి పక్షాన ఉన్నాడు? అమెరికాలో జేమ్స్ కోన్ 1969లో ఈ ప్రశ్నతోనే తన మొదటి పుస్తకం రాశాడు. దక్షిణాఫ్రికాలో ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకే యూనివర్సిటీ క్రిస్టియన్ మూవ్‌మెంట్ అనే విద్యార్థి సంఘం చుట్టూ ఈ చర్చ రాజుకుంది. మొఖేతి మొట్లాబీ సంపాదకత్వంలో 1972లో వచ్చిన వ్యాససంకలనాన్ని ప్రభుత్వం వెంటనే నిషేధించింది. మరుసటి ఏడు అది లండన్‌లో అచ్చయింది. స్టీవ్ బీకో వ్యాసం కూడా అందులో ఉంది. బీకో పాస్టరు కాదు, వైద్యవిద్యార్థిగా మొదలై నల్లవారి ఆత్మగౌరవ ఉద్యమానికి గొంతుకైనవాడు. 1972 మేలో పీటర్‌మారిట్స్‌బర్గ్ పక్కన ఎడెండేల్‌లో నల్ల పాస్టర్ల సభకు పిలిస్తే వెళ్ళి, చర్చి నిండా నల్లవాళ్ళే ఉన్నా పెత్తనం తెల్లవాళ్ళ చేతిలో ఎందుకుందని వాళ్ళ ముఖానే అడిగాడు. అయిదేళ్ళ తర్వాత, 1977 సెప్టెంబరు 12న, పోలీసుల నిర్బంధంలో దెబ్బలకు చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు.

బీకో తల్లి ఆలిస్ ఇళ్ళలో పనిచేసి, ఆసుపత్రిలో వంట చేసి పిల్లల్ని పెంచింది. ఆమెలాంటి వాళ్ళ బాధ నుంచే ఈ దైవశాస్త్రం పుట్టింది. కానీ అది అచ్చయింది ఇంగ్లీషులో. నిషేధం ఒక అడ్డుగోడ, భాష ఇంకో అడ్డుగోడ. 1980లలో ఆ ఉద్యమంలోని వాళ్ళే ఈ మాట ఒప్పుకున్నారు. ఆలోచన విశ్వవిద్యాలయాల్లో పెరుగుతోంది, జనం మాత్రం గుడారాల చర్చిల్లో, జియోన్ పేరు పెట్టుకున్న నల్లవారి సొంత సంఘాల్లో, గురువారం ప్రార్థన కూటాల్లో ఉన్నారు.

సొంత భాషలో దేవుడి మాట వినాలన్న ఆకలి ఎలాంటిదో ఆ దేశంలోనే మన తెలుగువాళ్ళకు అనుభవమే. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరులో డర్బన్ చేరినప్పటి నుంచి నేటాల్ చెరకు తోటల్లోకి, తేయాకు తోటల్లోకి మనవాళ్ళు ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు. వాళ్ళలో తెలుగు బాప్టిస్టులూ ఉన్నారు. వాళ్ళ కోసం నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టుల సంఘం జాన్ రంగయ్య అనే బోధకుణ్ణి పంపింది. 1903 డిసెంబరులో కియర్స్‌నీ తేయాకు తోటలో ఆయన తొలి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించాడు. పంపింది తెల్లవాళ్ళ మిషన్ కాదు, ఇక్కడి తెలుగు క్రైస్తవులే. తోట యజమాని ఇంగ్లీషు, చుట్టూ జులూ, మధ్యలో తెలుగు పాటా తెలుగు ప్రార్థనా. ఆ కూలీలకు అది ఎంత అవసరమో ఊహించడం మనకు కష్టం కాదు.

తకాట్సో మొఫొకెంగ్ అనే దైవశాస్త్రవేత్త 1988లో బైబిల్ గురించి రాస్తూ జనం నోట ఉన్న ఒక మాటను ప్రస్తావించాడు. మీలో కొందరు వినే ఉంటారు. తెల్లవాళ్ళు వచ్చినప్పుడు బైబిల్ వాళ్ళ దగ్గర ఉంది, భూమి మా దగ్గర ఉంది. ప్రార్థన చేద్దాం కళ్ళు మూసుకోండి అన్నారు. కళ్ళు తెరిచేసరికి బైబిల్ మా చేతుల్లో ఉంది, భూమి వాళ్ళ చేతుల్లో ఉంది. ఇది ఎవరు మొదట అన్నారన్నది ముఖ్యం కాదు, ముసలీ ముతకా పిల్లా పాపా అందరికీ తెలిసిన మాట ఇది. మరి బైబిల్‌ను పక్కన పడేయాలా? పేదవాళ్ళకు అది కుదరదు అంటాడు మొఫొకెంగ్. వాళ్ళ చేతిలో ఉన్నది అదొక్కటే, పట్టుకోవడానికి వేరే పుస్తకం లేదు.

ఆ మాట చదివిన రోజు నేను చాలాసేపు ఆగిపోయాను. వేరే పుస్తకం లేదన్నది నిజం. కానీ పుస్తకం అనక్కరలేని ఒక నిధి ఆ జనం దగ్గర ఉంది. జులూలో దాన్ని ఇజాగా అంటారు, ఖోసాలో అమాఖాలో, సొతోలో మాఏలే, త్స్వానాలో దియానే. అన్నీ సామెతకు పేర్లే. బైబిల్‌కు అర్థం చెప్పాలంటే పాస్టరు కావాలి, పాస్టరు కావాలంటే చదువు కావాలి, చదువుకు బడి కావాలి, ఆ బడి తెల్లవాళ్ళ చేతిలో ఉంది. సామెతకు అర్థం చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేదవాడు అనుమతి అడగకుండా విప్పి చదవగలిగిన గ్రంథం అదొక్కటే.

ఈ సంగతి తెలిసిన మనిషి ఒకడు బీకో కంటే రెండు తరాల ముందే ఉన్నాడు. సోల్ ప్లాట్యే. 1876లో పుట్టాడు. జర్మన్ లూథరన్ మిషన్ బడిలో పెరిగాడు, కింబర్లీలో తపాలా జవానుగా పనిచేశాడు, మఫికెంగ్ కోర్టులో దుబాసీగా ఉన్నాడు, తర్వాత పత్రికా సంపాదకుడయ్యాడు. 1912లో పుట్టి, తర్వాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా పేరు మార్చుకున్న సంస్థకు మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. 1913లో భూమి చట్టం వచ్చింది. దేశ జనాభాలో ఎక్కువమంది అయిన నల్లవాళ్ళకు దేశం మొత్తం నేలలో దాదాపు 7 శాతం మాత్రమే మిగిలింది. ప్లాట్యే సైకిలెక్కి ఫ్రీ స్టేట్ ఊళ్ళన్నీ తిరిగాడు. ఆవుల్నీ మేకల్నీ తోలుకుంటూ రోడ్ల మీద పడ్డ కుటుంబాలను చూశాడు. ఒక కుటుంబంలో జబ్బుపడ్డ పసిబిడ్డ దారిలోనే పోయింది. పాతిపెట్టడానికి వాళ్ళకు ఆ దేశంలో జానెడు నేల లేదు. రాత్రి చీకట్లో, ఎవరూ చూడకుండా, ఎవరిదో నేలలో దొంగలా గొయ్యి తవ్వి బిడ్డను పూడ్చారు. ఆ సంగతి ఆయన 'నేటివ్ లైఫ్ ఇన్ సౌత్ ఆఫ్రికా' అనే పుస్తకంలో రాశాడు.

బ్రిటిష్ ప్రభుత్వానికి మొరపెట్టుకోవడానికి 1914లో లండన్ వెళ్ళిన ప్లాట్యే యుద్ధం వల్లా డబ్బు లేకా రెండున్నరేళ్ళు అక్కడే ఉండిపోయాడు. ఆ పుస్తకం 1916లో అచ్చయింది. అదే ఏడాది, అదే లండన్‌లో, అదే మనిషి ఇంకో పుస్తకం అచ్చువేశాడు: 732 త్స్వానా సామెతలు, పక్కన మాటకు మాట ఇంగ్లీషు అర్థం, ఆ పక్కన యూరోపు భాషల్లో వాటికి దగ్గరి సామెతలు. భూమి పోయిన లెక్క ఒక చేత్తో రాస్తూ, భూమితో పాటు పోకూడని మాటల్ని రెండో చేత్తో రాసుకున్నాడు. మన తెలుగు సామెతల తొలి పెద్ద సంకలనాన్ని 1868లో కార్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మద్రాసులో అచ్చువేశాడు. ఆయన శ్రమకు మనం రుణపడి ఉన్నాం. కానీ ప్లాట్యే పనిలో ఉన్న బాధ వేరు. తన ఇల్లు కాలుతుంటే తానే లోపలికి వెళ్ళి పెట్టె మోసుకొచ్చినవాడి బాధ అది.

ఇక ఆ పెట్టెలోని సొమ్ము ఎలాంటిదో చూద్దాం. త్స్వానాలు ఆవును "తడి ముక్కు దేవుడు" అంటారు. పెళ్ళికి కన్యాశుల్కం ఆవులే, తప్పుకు జరిమానా ఆవులే, పెద్దల ఆత్మలకు నైవేద్యం ఆవులే. అంత గౌరవం ఆవుకు. అలాంటి సమాజమే ఇంకో మాట అంటుంది: "ఫెటా ఖోమొ ఒ ట్స్వారె మోథో." ఆవును దాటి వెళ్ళు, మనిషిని పట్టుకో. తడి ముక్కు దేవుణ్ణి కూడా దాటి వెళ్ళమంటోంది సామెత. ఎదురుగా ఆస్తీ మనిషీ రెండూ కొట్టుకుపోతుంటే చెయ్యి దేనివైపు చాచాలో అందులో ఉంది. విశ్రాంతిదినం మనిషి కోసమే కానీ మనిషి విశ్రాంతిదినం కోసం కాదన్న యేసు మాటకు ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడలేదు. ఈ సామెత తెలిసినవాడికి ఆ సువార్త విదేశీ సరుకుగా అనిపించదు. తన పెద్దలు చెప్పిందే మళ్ళీ విన్నట్టు ఉంటుంది.

ఇది పాత కాలపు మాట అనుకోవద్దు. 2012 ఆగస్టు. మరికానా అనే ఊరి దగ్గర ప్లాటినం గని కార్మికులు నెలకు 12,500 రాండ్ల జీతం కావాలని సమ్మెకట్టి ఒక రాతిగుట్ట మీద కూర్చున్నారు. 16వ తేదీన ప్రిటోరియా ఆంగ్లికన్ బిషప్ జో సియోకా ఆ గుట్ట దగ్గరికి వెళ్ళాడు. కార్మికులతో మాట్లాడాడు, యాజమాన్యం వచ్చి ఒక్క మాట మాట్లాడితే చాలని వాళ్ళు అడిగితే ఆ కబురు మోసుకుని యాజమాన్యం దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు రామన్నారు. ఆ సాయంత్రమే పోలీసులు కాల్పులు జరిపి 34 మందిని చంపారు. అప్పటికి దేశానికి ప్రజాస్వామ్యం వచ్చి 18 ఏళ్ళు, ప్రభుత్వంలో ఉన్నది నల్లవాళ్ళే. లోహం విలువా మనిషి విలువా ఎదురెదురుగా నిలబడిన రోజు అది. గుట్ట దాకా నడిచిన బిషప్ చేసింది ఆవును దాటి మనిషి దగ్గరికి వెళ్ళడమే. నల్లవారి దైవశాస్త్రం గురించి నన్ను ఎవరైనా అడిగితే ముందు ఆ నడక గురించే చెబుతాను, పుస్తకాల సంగతి తర్వాత.

అన్ని సామెతల్లోకీ ప్రపంచమంతా తిరిగినది "మోథో కె మోథో కా బాథో." మనిషి మనుషుల వల్లే మనిషవుతాడు. జులూ, ఖోసా భాషల్లోనూ ఇదే మాట ఉంది, దానిలోంచే ఉబుంటు అనే మాట ప్రపంచానికి తెలిసింది. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ తన ఉపన్యాసాలన్నిటికీ దాన్ని ప్రాణంగా చేసుకున్నాడు. 1993 తాత్కాలిక రాజ్యాంగంలో ఉబుంటు అనే మాట చేరింది. 1995లో రాజ్యాంగ న్యాయస్థానం మరణశిక్షను రద్దు చేసినప్పుడు న్యాయమూర్తి ఇవాన్ మొఖోరో తన తీర్పులో ఈ సామెతకు అర్థం విప్పి చెప్పింది. పశువుల కాపరుల నోటి మాట ఒక దేశంలో ఉరికంబాన్ని దించడంలో సాక్ష్యమైంది.

అయితే అంతగా తిరిగిన మాటకు అరుగుదల కూడా తప్పలేదు. కంపెనీల ప్రకటనల్లో, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ పేరులో, మేనేజ్‌మెంట్ తరగతుల్లో ఉబుంటు ఇప్పుడు తియ్యటి మాట. దాని అసలు కారం ఇంకో సామెతతో కలిపి వింటేనే తెలుస్తుంది. "రాజు జనం వల్ల రాజు" అంటుంది జులూ సామెత. మనం యథా రాజా తథా ప్రజా అని, జనం రాజును బట్టి ఉంటారన్నాం. వాళ్ళు తిరగేసి చెప్పారు. జనం లేకపోతే ఆ కుర్చీలో ఉన్నది ఉత్త మనిషి. బిషప్పుకైనా, అధ్యక్షుడికైనా ఇదే లెక్క. మనిషి మనుషుల వల్లే మనిషైతే, పక్క మనిషి భూమి లాక్కున్నవాడు తన మనిషితనంలో కొంత పోగొట్టుకున్నట్టే. పీడించేవాడూ సగం మనిషే అని టూటూ పదే పదే చెప్పింది అందుకే. అది మెత్తటి మాటగా వినిపిస్తుంది కానీ అందులో ఉన్నది తీర్పు.

ఇక్కడ నాకు అన్నిటికంటే బరువుగా అనిపించే సామెత దగ్గరికి వస్తున్నాను. సొతోలో "మొలాటొ హా ఓ బోలే", ఖోసాలో "ఇట్యాలా అలిబోలి." నేరం కుళ్ళదు. మొలాటో అన్నా ఇట్యాలా అన్నా తప్పు అనే అర్థమూ ఉంది, అప్పు అనే అర్థమూ ఉంది. మనం పాపం పండుతుందంటాం. కాలం గడిస్తే అది దానంతటదే ముగ్గి, చేసినవాడి నెత్తిన పడుతుందని మన నమ్మకం. వాళ్ళ సామెత అలాంటి భరోసా ఏమీ ఇవ్వదు. నేరం పండదు, ఎండదు, కుళ్ళి మట్టిలో కలిసిపోదు. ఎన్నేళ్ళైనా పెట్టిన చోటే ఉంటుంది, ఎవరో ఒకరు వచ్చి దాన్ని ఎత్తి తీర్చే దాకా.

1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ నగరంలో సత్యశోధన, సయోధ్య కమిషన్ తన మొదటి విచారణ మొదలుపెట్టింది. టూటూ దానికి అధ్యక్షుడు. చేసిన నేరాన్ని పూర్తిగా ఒప్పుకుని, అది రాజకీయ కారణంతో చేశానని చూపితే క్షమాభిక్ష. బాధితుల సాక్ష్యాలు వింటూ ఒక రోజు టూటూ బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. ఆ పని గొప్పతనాన్ని నేను తక్కువ చేయను, ఒక దేశం రక్తపాతంలోకి జారకుండా అది ఆపింది. కానీ బీకో కుటుంబం ఆ క్షమాభిక్ష చట్టాన్నే కోర్టులో సవాలు చేసింది, 1996లోనే ఓడిపోయింది. వాళ్ళూ క్రైస్తవులే, క్షమించమన్న మాట వాళ్ళకూ తెలుసు. వాళ్ళకు తెలిసిన ఇంకో మాట నేరం కుళ్ళదన్నది.

ఆ రోజుల్లో అక్కడి చర్చిల్లో ఒక కథ చెప్పుకునేవారు. ఒక కుర్రవాడు ఇంకో కుర్రవాడి సైకిలు దొంగిలించాడు. ఏడాది తర్వాత ఎదురుపడి, జరిగిందేదో జరిగింది, ఇక సయోధ్యగా ఉందాం అని చెయ్యి చాచాడు. మరి నా సైకిలు అని రెండోవాడు అడిగాడు. సైకిలు ఊసెందుకు, మనం మాట్లాడేది సయోధ్య గురించి అన్నాడు మొదటివాడు. లూకా సువార్తలో జక్కయ్య అలా అనలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, ఆ తర్వాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నాడు. చాలా ప్రసంగాలు క్షమాపణ దగ్గరే ఆగిపోతాయి, నాలుగింతల దాకా వెళ్ళవు. నేరం కుళ్ళదన్న సామెతను చిన్నప్పటి నుంచి విన్న మనిషి మాత్రం ఆ కథలో నాలుగింతల మాట దగ్గరే ఆగుతాడు. పై చదువులు చదివినవాళ్ళు దాటిపోయిన వాక్యం దగ్గర అతన్ని ఆపింది ఆ సామెతే.

కమిషన్ ముందు సాక్ష్యం చెప్పిన బాధితులకు 2003లో ప్రభుత్వం ఒక్కొక్కరికి 30,000 రాండ్లు ఒకేసారి ఇచ్చి లెక్క ముగించింది. భూమి లెక్క ఇప్పటికీ తేలలేదు. సామెత చెప్పినట్టే కొన్ని నేరాలు పెట్టిన చోటే ఉన్నాయి. అహ్మద్ తిమోల్ అనే భారతీయ సంతతి ఉపాధ్యాయుడు 1971లో జొహానెస్‌బర్గ్ పోలీసు భవనం పదో అంతస్తు నుంచి దూకి ఆత్మహత్య చేసుకున్నాడని అప్పటి విచారణ తేల్చింది. 46 ఏళ్ళ తర్వాత, 2017లో, హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి అది హత్యేనంది. బీకో కేసులో పోలీసులకు కమిషన్ 1999లో క్షమాభిక్ష నిరాకరించింది. 2025 సెప్టెంబరు 12న, ఆయన చనిపోయిన 48 ఏళ్ళకు అదే తేదీన, ఆ మరణ విచారణను కోర్టులో తిరిగి తెరిచారు.

ఇంత చెప్పాక ఒక నిజాన్ని దాచడం తప్పు. సామెతలన్నీ పేదవాడి పక్షం కాదు. మన దగ్గరే చూడండి. కులం పేరు పెట్టి మనిషిని హీనపరిచే సామెతలు తెలుగులో ఎన్నున్నాయో మనందరికీ తెలుసు. వాటిని నేనిక్కడ నోటితో పలకను. ఊరి చివర పేటలో పుట్టినవాళ్ళకు అవి పెద్దల జ్ఞానంగా వినిపించవు, చెంపదెబ్బల్లా తగులుతాయి. అందుకే 1980లలో దళిత దైవశాస్త్రాన్ని మొదలుపెట్టినవాళ్ళు నల్లవారి దైవశాస్త్రాన్ని ఆత్మీయంగా చదువుకున్నారు. ఇటుమెలెంగ్ మొసాలా అనే దక్షిణాఫ్రికా దైవశాస్త్రవేత్త 1989లో బైబిల్‌ను ఒక కఠినమైన ప్రశ్న అడిగాడు. ఈ వాక్యం రాజుదా, పూజారిదా, భూస్వామిదా, కూలీదా? బైబిల్ లోపలే వర్గాల పోరు ఉందన్నాడు. ఆ ప్రశ్నను సామెతకూ వేయాల్సిందే. ఈ సామెత మొదట ఎవరి నోట పుట్టింది? దీన్ని చెప్పుకుంటే ఎవరి నడుం నిటారవుతుంది, ఎవరి నడుం వంగుతుంది?

ఆ ప్రశ్న గట్టిగా అడిగింది ఆడవాళ్ళు. ఆవు ముందు నడిస్తే మంద లోయలో పడుతుందని సొతో సామెత. మెట్టింట్లోనే ఆడదాని సమాధి అని ఇంకొకటి. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కూతురిని వెనక్కి పంపడానికి ఈ రెండో సామెతను ఎన్ని ఇళ్ళు వాడుకున్నాయో! మనకిది కొత్త మాటేమీ కాదు. ఘానా దేశపు దైవశాస్త్రవేత్త మెర్సీ అంబా ఒదుయోయే ఆఫ్రికా సామెతల్లో ఆడదాని బొమ్మ ఎలా చెక్కారో నిలదీసి రాసింది. 1989లో అక్రాలో ఆఫ్రికా స్త్రీ దైవశాస్త్రవేత్తల వేదిక ఆమె చొరవతోనే మొదలైంది. దక్షిణాఫ్రికాలో మాదిప్వానే మసేన్యా ఇంకాస్త లోతుకు వెళ్ళింది. తన ఉత్తర సొతో భాషలో ఒక సామెత ఆడదాన్ని కొండముచ్చుతో పోలుస్తుంది, తినవలసింది ఆమె చేతుల్ని అంటుంది. అంటే అందం చూడొద్దు, పనిచేసే చేతులు చూసి పెళ్ళాడు అని. బైబిల్లో సామెతల గ్రంథం చివరి అధ్యాయంలోని గుణవతి కూడా తెల్లవారకముందే లేచి చేతులాడిస్తూనే ఉంటుంది. మసేన్యా ఆ రెంటినీ ఎదురెదురుగా పెట్టి, ఇంట్లో వంటా బయట కూలీ చేసే నల్ల స్త్రీ వైపు నుంచి చదివింది. ఆ చేతులకున్న గౌరవాన్ని తీసుకుంది. ఆ చేతుల్ని తినమన్న మాటను తీసుకోలేదు. ఆ చదివే పద్ధతికి తన భాషలోని బొసాడి అనే మాట పేరుగా పెట్టుకుంది, ఆడతనం అని దాని అర్థం.

ఇలా తీసుకోవడం, తోసెయ్యడం సామెతల సంప్రదాయానికి ద్రోహం కాదా అని ఎవరికైనా అనిపిస్తే, దానికి జవాబు కూడా సామెతే. త్స్వానా గ్రామంలో రచ్చబండలాంటి సభను ఖోట్లా అంటారు. "మ్మువాలెబె ఒ బువా లా హాహ్వే" అనేది ఖోట్లా నియమం. చెడ్డగా మాట్లాడేవాడు కూడా తన మాట తాను చెప్పుకోవచ్చు, అప్పుడే మంచి మాట ఉన్నవాడు దాన్ని బయటికి తీస్తాడు. పాత రోజుల్లో ఆ ఖోట్లాలో ఆడవాళ్ళకు నోరు లేదు. నియమం మాత్రం నోరున్న ప్రతివాడికీ హక్కిచ్చింది. ఇప్పుడు ఆ నియమాన్ని పట్టుకునే ఆడవాళ్ళు లోపలికి వచ్చి, మంద లోయలో పడుతుందన్న సామెత ముందు ఇంకో సామెతను నిలబెడుతున్నారు.

అది వినాలంటే గురువారం మధ్యాహ్నం వినాలి. ఇళ్ళలో పనిచేసే నల్ల స్త్రీలకు ఎన్నో ఏళ్ళుగా గురువారమే సగం రోజు సెలవు. ఆ పూట ప్రార్థన కూటం, దాన్ని మన్యానో అంటారు. మెథడిస్టు స్త్రీలు ఎర్ర జాకెట్టు, నల్ల లంగా, తెల్ల టోపీ వేసుకుని వస్తారు. ఒకరి తర్వాత ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. కొడుకు జైల్లో ఉన్నవాళ్ళు, కూతురు చనిపోయి మనవళ్ళను పెంచుతున్నవాళ్ళు, జీతం అడిగితే పని పోయినవాళ్ళు. 1956 ఆగస్టు 9న పాసు చట్టానికి ఎదురు తిరిగి ప్రిటోరియా ప్రభుత్వ భవనాల ముందు 20,000 మంది స్త్రీలు బారులు తీరినప్పుడు వాళ్ళలో ఇలాంటి కూటాల నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. లేచిన ఆమె తన కథ చెప్పి చెప్పి గొంతు పూడిపోయినప్పుడు ఒక సామెత ఎత్తుకుంటుంది. "మ్మాంగ్వానా ఒ ట్స్వారా థీపా..." బిడ్డ తల్లి కత్తిని పట్టుకునేది... ఆమె అక్కడ ఆగుతుంది. మిగతా సగం ఆమె చెప్పనక్కర్లేదు. గదిలో ఉన్న ఎర్ర జాకెట్లన్నీ కలిసి పూర్తి చేస్తాయి: "కా ఫా బొహాలెంగ్." పదునున్న వైపే.